పెట్రోలు చిమ్ముతున్నా పికప్ ఎందుకు రాదు?

గాలిలో పెట్రోలు కలిపి ఇంజిన్‌కు పంపే కార్బురేటర్‌ను పూర్తిగా విప్పి, కడిగి, కొత్త భాగాల కిట్ వేసి బిగించిన (దీన్నే రీబిల్డ్ అంటారు) తర్వాత తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. ఐడ్లింగ్ బాగుంటుంది, ఒకే వేగంతో పోతున్నప్పుడూ బాగుంటుంది. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే మాత్రం ఇంజిన్ అరక్షణం చతికిలబడి, ఆ తర్వాతే లేస్తుంది. ఒక్కోసారి కార్బురేటర్ నోట్లోంచి టప్పుమని బ్యాక్‌ఫైర్ కూడా వస్తుంది. అనుమానం యాక్సిలరేటర్ పంపు, అంటే తొక్కగానే అదనపు పెట్రోలు చిమ్మే చిన్న పంపు మీదికి పోతుంది, అది సబబే. ఎయిర్ క్లీనర్ తీసి, చేత్తో త్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) తిప్పి చూస్తారు. పెట్రోలు చిమ్ముతుంది. పంపు పనిచేస్తోందని తేల్చేసి ప్లగ్గులు, టైమింగ్, కాయిల్ అంటూ ఇగ్నిషన్ మీద పడతారు. లోపం పంపులోనే ఉండిపోతుంది.

ఈ వెతుకులాట దారి తప్పేది ఆ మొదటి పరీక్షలోనే. పెట్రోలు చిమ్ముతోందా అని చూస్తే చాలదు, ఎప్పుడు మొదలవుతోందో చూడాలి. త్రాటిల్ కదిలిన తొలి క్షణంలోనే ధార రావాలి. పావు వంతు తిరిగాక వచ్చే ధార ఎంత బలంగా ఉన్నా, దాని అవసరం అప్పటికే దాటిపోయి ఉంటుంది.

ఎందుకంత తొందర అనేది పంపు ఉన్న కారణంలోనే ఉంది. త్రాటిల్ హఠాత్తుగా తెరుచుకుంటే గాలి వెంటనే లోపలికి దూసుకుపోతుంది. పెట్రోలు అంత త్వరగా కదలదు. ఘనపరిమాణానికి ఘనపరిమాణం చూస్తే అది గాలికన్నా సుమారు 600 రెట్లు బరువు. మెయిన్ జెట్ అనే సన్న రంధ్రం దాటి, పైకి లేచి, వెంచురీలో (గాలి దారిలోని ఇరుకు భాగంలో) పడేదాకా కొంత సమయం పడుతుంది. దీనికి తోడు ఇంకో కారణం ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. మంచి కండిషన్‌లో ఉన్న ఇంజిన్‌లో ఐడ్లింగ్ అప్పుడు మ్యానిఫోల్డ్ వ్యాక్యూమ్ (కార్బురేటర్ నుంచి సిలిండర్లకు పోయే గొట్టంలోని పీల్పు) సాధారణంగా 18 నుంచి 20 అంగుళాల పాదరసం దాకా ఉంటుంది. త్రాటిల్ పూర్తిగా తెరవగానే అది దాదాపు సున్నాకు పడిపోతుంది. వ్యాక్యూమ్ ఎక్కువగా ఉన్నప్పుడు తేలిగ్గా ఆవిరయ్యే పెట్రోలు, అది పడిపోగానే మ్యానిఫోల్డ్ గోడలకు తడిగా అంటుకుపోతుంది. ఫలితంగా, చిక్కటి మిశ్రమం కావాల్సిన సమయంలోనే సిలిండర్‌కు పలచటి మిశ్రమం అందుతుంది. పెట్రోలు పూర్తిగా మండడానికి బరువు లెక్కన ఒక వంతు పెట్రోలుకు 14.7 వంతుల గాలి సరిపోతుంది. బలం కావాలంటే గాలి 12 లేదా 13 వంతులకు తగ్గాలి. ఆ లోటును మెయిన్ సర్క్యూట్ అందుకునేదాకా పూడ్చడమే యాక్సిలరేటర్ పంపు పని. అంత చిన్న వ్యవధిలో పంపు ఆలస్యం చేస్తే ఇక అది ఉన్నా లేనట్టే.

అన్ని కార్బురేటర్లలోనూ ఈ పంపు ఉండదు. ఎస్‌యూ, స్ట్రోమ్‌బర్గ్ సీడీ రకాల్లో పిస్టన్ పైన నూనె నిండిన డ్యాంపర్ ఉంటుంది. త్రాటిల్ తెరవగానే పిస్టన్ గబుక్కున లేవకుండా ఆ నూనె ఆపుతుంది, దాంతో జెట్ మీద లాగుడు పెరిగి పెట్రోలు ఎక్కువగా వస్తుంది. వాటిలో ఇదే లక్షణం కనబడితే వెతకాల్సింది పంపును కాదు, డ్యాంపర్‌లో నూనె మట్టాన్ని.

పంపులు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ప్లంజర్ రకం. గుండ్రటి బావిలో తోలు లేదా రబ్బరు కప్పు ఉన్న పిస్టన్ కిందికి దిగుతుంది. రోచెస్టర్ క్వాడ్రాజెట్, కార్టర్ ఏఎఫ్‌బీ, దాని బాటలోనే వచ్చిన ఎడెల్‌బ్రాక్ కార్బురేటర్లలో ఇది కనిపిస్తుంది. రెండోది డయాఫ్రం రకం. హోలీ 4150, వెబర్ 32/36, ఫోక్స్‌వాగన్ బీటిల్‌లో వాడిన సోలెక్స్ పీఐసీటీ రకాల్లో లీవరు డయాఫ్రంను నొక్కుతుంది. రకం ఏదైనా లోపలి దారి ఒకటే. కార్బురేటర్‌లో పెట్రోలు నిలవ ఉండే బౌల్ నుంచి ఇన్‌లెట్ వాల్వు గుండా పెట్రోలు పంపు గదిలోకి వస్తుంది. నొక్కగానే ఇన్‌లెట్ మూసుకుని, అవుట్‌లెట్ వాల్వు తెరుచుకుని, సన్నటి పంపు జెట్ గుండా కార్బురేటర్ గొంతులోకి, అంటే గాలి పోయే దారిలోకి చిమ్ముతుంది. సైకిల్ పంపులో వాషరు అరిగినా, వాల్వు కారినా గాలి ఎలా ఎక్కదో ఇక్కడా అంతే. కొట్టిన దెబ్బంతా వెనక్కే పోతుంది.

పరీక్ష ఇంజిన్ ఆపి, చల్లారాక చేయాలి. ఇంజిన్ తిరుగుతుండగా, స్టార్ట్ చేస్తుండగా కార్బురేటర్‌లోకి తొంగి చూడకూడదు. బ్యాక్‌ఫైర్ మంట నేరుగా ముఖానికే వస్తుంది. దగ్గర్లో నిప్పు ఉండకూడదు, కళ్లద్దాలు ఉండాలి. బౌల్‌లో పెట్రోలు నిండా ఉందో లేదో ముందు చూసుకోవాలి. రీబిల్డ్ చేశాక బౌల్ ఖాళీగానే ఉండగా పంపును తప్పుపట్టే సందర్భాలు తక్కువేం కాదు.

ఎయిర్ క్లీనర్ తీసి, చోక్ ప్లేటు పూర్తిగా తెరిచి, టార్చ్ లైటు గొంతులోకి పట్టాలి. త్రాటిల్ లీవరును ఒక చేత్తో పట్టుకుని వెంట్రుకవాసి మాత్రమే కదపాలి. ఆరోగ్యంగా ఉన్న పంపు ఆ కదలికకే స్పందిస్తుంది. జెట్ కొనలో పెట్రోలు మెరిసి సన్నగా ధార కడుతుంది. తర్వాత త్రాటిల్‌ను పూర్తిగా తెరిస్తే ధార సాఫీగా, తెగకుండా వచ్చి, త్రాటిల్ ఆగిన తర్వాత కూడా ఒక్క క్షణం కొనసాగాలి. రెండు గొంతులుంటే రెండింట్లోనూ ఒకేలా రావాలి. ధారకు ముందు బుడగలు, చీదినట్టు తుంపర వస్తే లోపల గాలి చేరిందన్నమాట. ఒక పక్కే వస్తే రెండో పక్క జెట్ మూసుకుపోయింది. ధార వంకరగా గోడకు తగులుతుంటే శుభ్రం చేసేటప్పుడు గొట్టం వంగి ఉంటుంది. సోలెక్స్ రకాల్లో ఇది చాలా ముఖ్యం. ధార త్రాటిల్ ప్లేటుకూ గోడకూ మధ్య తెరుచుకునే సందులో పడాలి, ప్లేటు మీద కాదు.

ధార ఆలస్యమైతే ముందు లోపలికి కాదు, బయట లింకేజి (త్రాటిల్‌ను పంపుతో కలిపే రాడ్లు, లీవర్లు) వైపు చూడాలి. త్రాటిల్ కదులుతున్నా పంపు లీవరు కదలని చిన్న ఆట ఉందేమో గమనించాలి. ఈ ఆట కేవలం ఒకటి రెండు మిల్లీమీటర్లున్నా ఇంజిన్ తడబడడానికి సరిపోతుంది, ఎందుకంటే ట్రాఫిక్‌లో యాక్సిలరేటర్ తొక్కేది ఎక్కువగా ఆ మొదటి మిల్లీమీటర్లలోనే. రీబిల్డ్‌లో లింకు రాడ్డు వేరే రంధ్రంలో పడడం, అరిగిన పిన్ను, ఒంపు మారిన రాడ్డు, కొత్త ప్లంజర్ కాడ పాతదానికన్నా పొట్టిగా ఉండడం — ఇవన్నీ ఆటను పెంచుతాయి. కిట్లలో ఒకటికన్నా ఎక్కువ మోడళ్లకు పనికొచ్చే భాగాలుంటాయి కాబట్టి పాత ప్లంజర్‌ను పారేయకుండా కొత్తదాని పక్కన పెట్టి పొడవు పోల్చుకోవడం మంచి అలవాటు. పంపు ఆర్మ్‌లో రెండు మూడు రంధ్రాలుంటే, ఇరుసుకు దగ్గరి రంధ్రంలో లింకు పెట్టినప్పుడు అదే త్రాటిల్ కదలికకు ప్లంజర్ ఎక్కువ దూరం కదులుతుంది.

హోలీలో ఈ సర్దుబాటుకు కచ్చితమైన కొలత ఉంది. త్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టుకుని, పంపు లీవరును చేత్తో చివరిదాకా నొక్కితే, సర్దుబాటు స్క్రూకూ లీవరుకూ మధ్య 0.015 అంగుళం, అంటే సుమారు 0.38 మిల్లీమీటర్ల సందు ఉండాలి. అది లేకపోతే డయాఫ్రం అడుగుకు గట్టిగా నొక్కుకుని త్వరగా చిరుగుతుంది. ఇంకో చివర, ఐడ్లింగ్ స్థానంలో అసలు ఆట ఉండకూడదు. చాలామంది మొదటి కొలత చూసి రెండోది మరిచిపోతారు. పికప్ తడబాటుకు అసలు మూలం ఆ రెండోదే. ఇంకో చిక్కుంది. ఐడ్లింగ్ స్పీడు స్క్రూ తిప్పినప్పుడల్లా త్రాటిల్ స్థానం మారుతుంది, దాంతో ఈ సర్దుబాటూ మారుతుంది. కాబట్టి ఐడ్లింగ్ సెట్ చేసిన తర్వాతే పంపును సెట్ చేయాలి.

లింకేజి సరిగా ఉందనుకున్నాక రెండు వాల్వుల వంతు. రీబిల్డ్ అయిన కార్బురేటర్‌లో పంపు లోపాలకు ఎక్కువగా ఆస్కారం ఇక్కడే. ఇవి చాలావరకు మిరియాల గింజంత బంతులు. కడిగేటప్పుడు దొర్లిపోతాయి, తారుమారవుతాయి, తిరిగి వేయడం మరిచిపోతారు. ఇన్‌లెట్, అవుట్‌లెట్ బంతులు పరిమాణంలో, లోహంలో వేరుగా ఉండే మోడళ్లున్నాయి. కొన్ని పాత రోచెస్టర్లలో ఒకటి అల్యూమినియం, మరొకటి ఉక్కు. కార్టర్ తరహా పంపులో అవుట్‌లెట్ మీద ఒక చిన్న లోహపు బరువు కూర్చుంటుంది. ఆ బరువు వేయకపోతే పంపు చిమ్మడంలో పెద్ద తేడా కనిపించదు గానీ, వేగంగా పోతున్నప్పుడు గొంతులో గాలి లాగుడుకు వాల్వు లేచి, పంపు జెట్ నుంచి పెట్రోలు దానంతటదే కారుతూ ఉంటుంది. పికప్ ఫిర్యాదు లేకుండా మైలేజీ పడిపోయి, పొగ నల్లగా వస్తుంటే ఈ బరువును గుర్తు చేసుకోవాలి.

ఒక్కో వాల్వు పాడైనప్పుడు కనిపించే లక్షణాలు వేరు. ఇన్‌లెట్ కారుతుంటే నొక్కిన పెట్రోలులో కొంత బౌల్‌లోకి తిరిగిపోతుంది. త్రాటిల్ గబుక్కున తెరిస్తే ఎంతో కొంత చిమ్ముతుంది, మెల్లగా తెరిస్తే ఏమీ రాదు. చేత్తో చేసే పరీక్షలో త్రాటిల్‌ను సహజంగానే జోరుగా తిప్పుతారు కాబట్టి ఈ లోపం తప్పించుకుపోతుంది. అయితే ఇక్కడో జాగ్రత్త అవసరం. హోలీ పాత పంపుల్లో ఇన్‌లెట్ బంతి తలకిందులుగా వేలాడుతూ ఉంటుంది. మెల్లగా నొక్కినప్పుడు కొంత పెట్రోలు వెనక్కిపోవడం దాని స్వభావమే. తర్వాత వచ్చిన రబ్బరు గొడుగు వాల్వు వెంటనే మూసుకుంటుంది. ఏ రకమో తెలియకుండా తీర్పు చెప్పకూడదు.

అవుట్‌లెట్ కారుతుంటే కథ వేరు. త్రాటిల్ వదిలినప్పుడు పంపు గది నిండాల్సింది బౌల్‌లోని పెట్రోలుతో. అవుట్‌లెట్ మూసుకోకపోతే జెట్ వైపు నుంచి గాలి కూడా లోపలికి వస్తుంది. మళ్లీ నొక్కగానే ముందు ఆ గాలి బయటికి పోవాలి, ఆ తర్వాతే ధార. ముందు చెప్పిన చీదడం, ఆలస్యం ఇక్కడి నుంచే పుడతాయి. బండి రాత్రంతా నిలబెట్టి పొద్దున మొదటిసారి తొక్కితే బలహీనంగా, వెంటవెంటనే రెండు మూడు సార్లు తొక్కాక బాగా చిమ్మితే అవుట్‌లెట్‌నే ముందు అనుమానించాలి. ఇన్‌లెట్ బంతి మూసుకున్నచోటే అతుక్కుపోతే దీనికి సరిగ్గా తిరగబడుతుంది. మొదటి దెబ్బ నిండుగా వచ్చి, వెంటనే కొట్టిన రెండోది ఖాళీగా పోతుంది.

ప్లంజర్ రకంలో వాల్వులు పరీక్షించడానికి వర్క్‌షాపుల్లో పాతకాలం నుంచీ వస్తున్న పద్ధతి ఒకటుంది, ఇప్పటికీ దాన్ని మించింది లేదు. కార్బురేటర్ పై మూత తీసి, బౌల్‌లో అర అంగుళం పెట్రోలు పోయాలి. ప్లంజర్‌ను బావిలో పెట్టి, మెల్లగా పైకీ కిందికీ ఆడించి లోపలి గాలిని బయటికి పంపాలి. తర్వాత శుభ్రమైన సన్నటి ఇత్తడి కడ్డీతో అవుట్‌లెట్ బంతిని సీటుకు అదిమిపట్టి ప్లంజర్‌ను కిందికి నొక్కాలి. అన్నీ బాగుంటే ప్లంజర్ రాయిలా నిలబడిపోతుంది, పెట్రోలు ఎటూ పోదు. ఇన్‌లెట్ రంధ్రం దగ్గర బౌల్‌లో పెట్రోలు సుళ్లు తిరిగితే లోపం ఇన్‌లెట్‌లో ఉంది. కడ్డీ కింద నుంచి ఊరితే అవుట్‌లెట్ సీటులో. ఈ రెండూ కాకుండా ప్లంజర్ అంచు చుట్టూ పైకి ఎగదన్నితే కప్పు పట్టడం లేదు. ఒకే నొక్కుడుకు మూడు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది.

సీటు కారుతుంటే ముందు దాన్ని మళ్లీ కడగాలి, చాలాసార్లు అంటుకున్న మురికే కారణం. అయినా పట్టకపోతే ఉక్కు బంతిని సీటులో కూర్చోబెట్టి ఇత్తడి కడ్డీ మీద చిన్న సుత్తితో ఒక్క దెబ్బ, అదీ సుతారంగా, కొట్టి, ఆ బంతిని తీసేసి కొత్తది వేస్తారు. మెత్తటి లోహపు సీటు బంతి ఆకారానికి సర్దుకుంటుంది. బలంగా కొడితే కార్బురేటర్ బాడీ పనికిరాకుండా పోతుంది. అల్యూమినియం బంతితో ఈ పని చేయకూడదు.

కప్పుల విషయానికొస్తే, తోలు కప్పు కిట్‌లోంచి తీసినప్పుడు ఎండి బిగుసుకుని ఉంటుంది. పల్చటి నూనెలో నానబెట్టి, అంచును వేళ్లతో బయటికి విప్పి, అప్పుడు బావిలోకి దింపాలి. ఎండుగా దింపితే అంచు లోపలికి మడతపడుతుంది. ఆ మడత పైనుంచి కనబడదు. రబ్బరు కప్పుకు ఇథనాల్ కలిసిన పెట్రోలుతో వేరే బాధ. ఇథనాల్‌కు తట్టుకోని రబ్బరు ఉబ్బుతుంది, బావిలో బిగుసుకుంటుంది, ప్లంజర్ తిరిగి లేవడం మందగిస్తుంది. అలాంటి కప్పు బండి బిగించిన రోజు బాగానే పనిచేసి కొన్ని వారాల్లో మొరాయిస్తుంది. కాబట్టి కిట్ కొనేటప్పుడే ఇథనాల్‌కు పనికొచ్చే రబ్బరేనా అని అడగడం మేలు. బావి గోడ మీద తుప్పు గుంటలుంటే ఎంత మంచి కప్పూ పట్టదు.

ప్లంజర్ మీద స్ప్రింగ్ చాలామంది అనుకున్నట్టు అలంకారానికి లేదు. త్రాటిల్ లింకు నేరుగా పెట్రోలును తొయ్యదు, అది స్ప్రింగ్‌ను నొక్కుతుంది, స్ప్రింగ్ ప్లంజర్‌ను తోస్తుంది. అందుకే త్రాటిల్ ఆగాక కూడా ధార కొంచెంసేపు నడుస్తుంది. కిట్‌లోని మెత్తటి స్ప్రింగ్ వేస్తే ధార నీరసంగా సాగుతుంది. డయాఫ్రం రకంలో చూడాల్సినవి తక్కువ. లీవరు తగిలే బొడిపె బయటికి ఉందా, స్ప్రింగ్ సరైన వైపు కూర్చుందా, మూత స్క్రూలు బిగించేటప్పుడు డయాఫ్రం ముడుచుకుందా. స్క్రూలు సగం బిగించి, లీవరును కొంచెం నొక్కిపట్టి, అప్పుడు పూర్తిగా బిగిస్తే డయాఫ్రం బిర్రుగా లాగబడకుండా ఉంటుంది.

గ్యాస్కెట్లను ఎవరూ అనుమానించరు. ఒకే కిట్‌లో దాదాపు ఒకేలా కనిపించే రెండు గ్యాస్కెట్లుండి, వాటిలో ఒకదానికి పంపు దారి దగ్గర రంధ్రం లేకపోవచ్చు. అది వేస్తే పంపు ఎంత కొత్తదైనా చుక్క రాదు. బిగించే ముందు గ్యాస్కెట్‌ను బాడీ మీద పరిచి ప్రతి రంధ్రం కిందా దారి కనబడుతోందా అని చూడడానికి నిమిషం కూడా పట్టదు. పంపు జెట్ కింద, పైన రెండు చిన్న వాషర్లుండే హోలీలో ఒకటి మరిచిపోయినా ఒత్తిడంతా పక్కకు కారిపోతుంది. జెట్ రంధ్రాన్ని సూదితోనో తీగతోనో పొడవడం మానుకోవాలి. క్లీనరు స్ప్రే, గాలి చాలు. రంధ్రం వెడల్పైతే ధార లావై, త్వరగా అయిపోతుంది.

కొన్ని బళ్లలో లోపం వేడి మీదే కనబడుతుంది. ఎండలో దూరం నడిపి, ఆపి, పావుగంట తర్వాత స్టార్ట్ చేస్తే మొదటి తొక్కుడుకు తడబాటు, కాసేపటికి మామూలు. ఇంజిన్ వేడికి పంపు గదిలోని పెట్రోలు ఆవిరై, ఆ ఆవిరే ముందు బయటికి వస్తోందన్నమాట. దీనికి పంపు విప్పక్కర్లేదు. కార్బురేటర్ కింది ఇన్సులేటర్ బ్లాకు రీబిల్డ్‌లో పక్కన పెట్టేశారా, పెట్రోలు పైపు ఎగ్జాస్ట్‌కు దగ్గరగా పోతోందా చూడాలి.

ధార మొదటి కదలికకే వచ్చి, నిండుగా, సాఫీగా ఉండి, అయినా ఇంజిన్ తడబడితే అప్పుడు పంపును నిజంగా వదిలేయవచ్చు. డిస్ట్రిబ్యూటర్‌లో స్పార్కు సమయాన్ని ముందుకు జరిపే వ్యాక్యూమ్ అడ్వాన్స్ డయాఫ్రం చిరిగినా, అదే పని చేసే సెంట్రిఫ్యూగల్ బరువులు బిగుసుకున్నా లక్షణం అచ్చం ఇలాగే ఉంటుంది. కార్బురేటర్ కింద గాలి లీకైనా, ఫ్లోట్ మట్టం (బౌల్‌లో పెట్రోలు ఎత్తు) తగ్గినా అంతే.

పంపు చిమ్మే పెట్రోలు పరిమాణం మార్చడం అన్నిటికన్నా చివరి పని. వేడెక్కిన ఇంజిన్ మీద గబుక్కున తొక్కితే టప్పుమని, చచ్చినట్టు అనిపిస్తే మిశ్రమం పలచన. బరువుగా, ముక్కుతూ లేచి వెనక నల్లపొగ వదిలితే పెట్రోలు ఎక్కువ. హోలీ జెట్ల మీది అంకెలు రంధ్రం వ్యాసాన్ని అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతాయి. 31 అంటే 0.031 అంగుళం. దాని పంపులకు 30 సీసీ, 50 సీసీ అన్న పేర్లు పది పూర్తి నొక్కుళ్లకు కలిపి వచ్చే గరిష్ఠ పరిమాణాన్ని సూచిస్తాయి, ఒక్క నొక్కుడుకు కాదు. కొలపాత్రలో పది నొక్కుళ్లు పట్టి చూస్తే తేలిపోతుంది. జెట్ పెద్దది చేస్తే మొత్తం పెట్రోలు పెరగదు, అదే పెట్రోలు త్వరగా పడుతుంది. తొక్కిన తొలి క్షణంలోనే తడబాటుంటే ఒక సైజు పెద్ద జెట్, ముందు బాగా లేచి వెంటనే కుంగితే చిన్న జెట్‌తో ధారను సాగదీయడం. ఒకసారికి ఒక్కటే మార్చి, అదే రోడ్డు మీద, అదే గేరులో చూడాలి.

మోటార్‌సైకిళ్లలో వాడే కీహిన్ ఎఫ్‌సీఆర్ లాంటి కార్బురేటర్లలో పంపు ధారలో కొంత భాగాన్ని తిరిగి బౌల్‌లోకి పంపే లీక్ జెట్ ఉంటుంది. అక్కడ పంపు బలహీనంగా అనిపిస్తే డయాఫ్రం విప్పకముందే లీక్ జెట్ సరైన సైజుదేనా, బిగింపు వదులయ్యిందా అని చూడాలి. దాని రంధ్రం పెద్దదయ్యేకొద్దీ గొంతులోకి పడే పెట్రోలు తగ్గుతుంది.